గడ్డిలో మొలిచిన ముగ్గు

మొన్న శనివారం మా ఆయన కొత్తగా కొన్న గడ్డి కోసే మోవర్ బయటికి తీశారు. తాడు లాగడం, అది దగ్గడం, మళ్ళీ లాగడం, మళ్ళీ దగ్గడం. చివరికి ఎలాగో స్టార్ట్ అయింది. నేను వంటింట్లో పప్పుకి తాలింపు పెడుతున్నాను. కిటికీలోంచి ముందు పెట్రోలు వాసన వచ్చింది, దాని వెనకాలే కోసిన పచ్చగడ్డి వాసన. రెండూ వచ్చి నా ఇంగువ వాసనలో కలిశాయి. అంతే, గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తాలింపు మాడిపోయింది. మాడితే మాడింది. ఆ మూడు వాసనలూ కలిస్తే నాకు మా పాత ఇల్లే, ఇంకేమీ కాదు.

అప్పుడు నాకు పదేళ్ళుంటాయేమో. న్యూజెర్సీలో అపార్ట్‌మెంట్ వదిలి, నాన్న మొదటిసారి సొంత ఇల్లు కొన్నారు. నాన్న మందుల కంపెనీ లాబ్‌లో పని చేసేవారు. ఏ పనైనా కొలిచి, తూచి చేసే మనిషి. అపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్ళూ గడ్డి అనేదాన్ని ఎవరో పెంచాలని మాకు తెలియదు. రోడ్డుకీ మెట్లకీ మధ్య అదంతట అదే ఉంటుందనుకున్నాం. ఇల్లు కొన్నాక తెలిసింది, ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టే. దానికి తిండి పెట్టాలి, నీళ్ళు పట్టాలి, జుట్టు కత్తిరించాలి, చలికాలంలో నిద్రపోతే లేపకూడదు.

ఇదంతా మాకు చెప్పింది పక్కింటాయన. రైల్వేలో పని చేసి రిటైరైన పెద్దాయన. ఆయన గడ్డి చూస్తే దాని మీద కాలు పెట్టబుద్ధి కాదు, పట్టుచీర పరిచినట్టుండేది. ఆయన గడ్డి ఎక్కడ ఆగుతుందో, మా గడ్డి ఎక్కడ మొదలవుతుందో, కళ్ళు సరిగ్గా కనపడనివాళ్ళు కూడా చెప్పగలరు. అక్కడిదాకా పచ్చ, ఇక్కణ్ణుంచి గోధుమరంగు. మధ్యలో కంచె అక్కర్లేకపోయింది.

ఆయన వచ్చి నాన్నకి పాఠాలు చెప్పేవారు. నాన్న వాటిని రాత్రి అన్నం దగ్గర మాకు అప్పజెప్పేవారు. "చూడండి, ఒకేసారి మూడో వంతు కన్నా ఎక్కువ కొయ్యకూడదు. నీళ్ళు తెల్లవారే పెట్టాలి, సాయంత్రం పెడితే తెగులు పడుతుంది. తడి గడ్డి మీద మోవర్ తొయ్యకూడదు. విత్తనం ఇప్పుడు కాదు, ఎండాకాలం వెళ్ళాక చల్లాలి. ఆకులు రాలేటప్పుడు సున్నం. వసంతంలో ఆ మూల పసుపు పూల పొద విచ్చుకున్నాకే ఎరువు, అంతకు ముందు వేస్తే దండగ."

అమ్మ వింటున్నట్టు తలూపుతూ నా కంచంలో ఇంకో ముద్ద పడేసేది. అమ్మ మనసంతా వెనక దొడ్డి మీద ఉండేది. వంటింటి కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఎండ పడే నేల, ఒక్క చెట్టు నీడ కూడా లేదు. ఇప్పుడంటే ఐసెలిన్ వైపు వెళ్తే ఇండియన్ కొట్లో ఏదో ఒక ఆకుకూర వాడిపోయినదైనా దొరుకుతుంది. అప్పుడు ఎక్కడిది? గోంగూర అంటే ఎవరో ఇండియా నుంచి సీసాలో తెచ్చిన పచ్చడి. అది కూడా నెలల తరబడి దాచుకుని, అడుగున నూనె మిగిలితే అందులో అన్నం కలుపుకుని తినేవాళ్ళం.

ఆ మార్చిలో మామ్మ వచ్చింది, మా నాన్న వాళ్ళమ్మ. దసరా దాకా ఉంటానంది. పెట్టె తెరిస్తే చీర మడతల్లో చిన్న చిన్న గుడ్డ మూటలు. గోంగూర, తోటకూర, బీర, ఆనప. అమ్మ ఆ మూటల్ని చూసిన చూపు నగల పెట్టె తెరిచినప్పుడు కూడా నేను చూడలేదు.

మామ్మ మర్నాడే ఇల్లంతా తిరిగి, వెనక దొడ్డిలో నిలబడి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఒరేయ్, ఇంత నేల పెట్టుకుని కూర కొనుక్కుంటున్నార్రా మీరు?"

"అది లాన్ అమ్మా."

"ఏదో ఒకటి. దీన్ని ఏం చేస్తావు?"

"కోస్తాను."

"కోసి?"

"సంచుల్లో కట్టి పారేస్తాను."

"ఆ తర్వాత?"

"మళ్ళీ పెరగడానికి ఎరువు వేస్తాను."

మామ్మ నాన్న నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "నాయనా, వంట్లో బాగానే ఉంటోందా?" అంది.

నాన్న భయం మాకు తర్వాత అర్థమైంది. ఆ వెనక దొడ్డిలో గడ్డి, ఇల్లు మాకు అమ్మిన పాత ఇంటాయనా పక్కింటాయనా ఇద్దరూ కలిసి, మోకాళ్ళ మీద కూర్చుని, చాపలు పరిచినట్టు పరిచారట. పాత ఇంటాయన ఊరు వదిలి వెళ్తూ, దాన్ని జాగ్రత్తగా చూడమని పక్కింటాయనకి అప్పజెప్పారట. ఈ సంగతి మేము ఇంట్లో దిగిన రోజే ఆయన నాన్నకి చెప్పారు. ఇక నాన్న ఆ గడ్డి మీద గట్టిగా నడవడం కూడా మానేశారు.

"ఆయన చూస్తుండగా దాన్ని పెళ్ళగిస్తే రేపు మన మొహం చూస్తారా? ఈ వీధిలో మనల్ని పలకరించేది ఆయనొక్కడే," అన్నారు నాన్న.

"పలకరింపు పులుసు పెట్టుకుంటామా?" అంది మామ్మ.

అమ్మ మాత్రం ఆ రాత్రి పప్పులో ఉప్పు వెయ్యలేదు. మర్నాడు కూడా వెయ్యలేదు. మూడో రోజు నాన్న దిగొచ్చారు.

"సరే. ముందున్న గడ్డిని ఆయన గడ్డంత పచ్చగా చేసి చూపించండి. అప్పుడు వెనక దొడ్డి మీ ఇష్టం."

అది జరిగే పని కాదని నాన్న ధైర్యం. రెండేళ్ళుగా తన వల్లే కాలేదు మరి.

"పచ్చగా ఉండాలి. అంతేగా?" అంది మామ్మ.

"అంతే."

"విన్నావుటే పిల్లా? నువ్వే సాక్షి."

అప్పట్నుంచి అమ్మకి నిద్ర పట్టేది కాదు. మంచు పడటం పూర్తిగా ఆగాక, ఎండలు ముదరక ముందు విత్తనం వెయ్యాలి. ఆ అదను దాటితే ఆ ఏడాదికి గోంగూర లేదు. మామ్మ మళ్ళీ ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరికి తెలుసు. నేనూ అమ్మా కలిసి ఎండిపోయిన గడ్డంతా ఇనప పళ్ళున్న పొడుగు కర్రతో గీకాం. మామ్మ బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి గడ్డి మీద పోసేది. ఒకసారి పుల్లమజ్జిగ కూడా పోసింది. ఊళ్ళో పిల్లులన్నీ మా ఇంటి ముందే కూర్చున్నాయి.

ఏప్రిల్‌లో మూల ఉన్న పసుపు పొద విచ్చుకుంది. సరిగ్గా అప్పుడే నాన్నని కంపెనీ వాళ్ళు చికాగో పంపించారు. వెళ్తూ వెళ్తూ అమ్మని గరాజ్‌లోకి తీసుకెళ్ళి, ఎరువు బస్తా, చక్రాల బండీ చూపించారు. అడుగున చిల్లులున్న తొట్టె అది, తోసుకుంటూ వెళ్తే ఎరువు రాలుతుంది.

"ఒకసారి నిలువుగా తొయ్యి, ఒకసారి అడ్డంగా తొయ్యి. అంతటా సమానంగా పడాలి. గురువారం వానట, ఆ లోపల అయిపోవాలి."

గురువారం పొద్దున అమ్మ బండి బయటికి తీసింది. చిల్లుల రేకు బిగుసుకుపోయింది. గుంజినా రాలేదు, కొట్టినా రాలేదు. మబ్బు పడుతోంది. అమ్మకి ఏడుపొక్కటే తక్కువ.

"వదిలెయ్యమ్మాయ్," అంది మామ్మ. "దాన్ని నమ్ముకుంటే వానొచ్చేస్తుంది. బేసిన్ తీసుకురా."

స్టీలు బేసిన్‌లో ఎరువు పోయించుకుని, చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జార్చి చూసింది. బూడిద రంగులో, కాస్త బరకగా, ముక్కు మండే వాసన. "పరవాలేదు, జారుతోంది," అంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపింది.

అమ్మకి అర్థమైపోయింది. "అత్తయ్యగారూ! వద్దండీ. అది ఎరువు. అంతటా సమానంగా పడాలన్నారు."

"ఎరువని నాకు తెలీదా? సమానంగా పడాలంటే ముగ్గు కన్నా సమానంగా పడేది ఏదే? చుక్కకీ చుక్కకీ ఎడం ఒక్కటే. గీత ఎక్కడా లావూ కాదు, సన్నం కాదు. మధ్యలో మిగిలిందంటావా, వానొస్తే అదే పాకుతుంది. ఈ దేశం వచ్చిన కాణ్ణుంచి వాకిట్లో వంగిందే లేదు. నడుం పట్టేసింది నాకు."

అమ్మ ఆకాశం వంక చూసింది, బండి వంక చూసింది. "పోనీ కానివ్వండి," అంది.

నేను బేసిన్ పట్టుకుని మామ్మ వెనకాల నడిచాను. మెట్ల దగ్గర మొదలుపెట్టి రోడ్డు దాకా చుక్కలు పెట్టింది. నేల పెద్దది కదా అని చుక్కకి గుప్పెడు. తర్వాత చుక్కల చుట్టూ మెలికలు తిప్పుకుంటూ వెళ్ళింది. ఎక్కడా చెయ్యెత్తలేదు, ఎక్కడా ఆగి ఆలోచించలేదు. నోట్లో ఏదో పాట. సగంలో ఉండగా పక్కింటాయన కాఫీ కప్పుతో అరుగు మీదికి వచ్చారు. కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది. మామ్మ బేసిన్ మీదుగా చెయ్యి ఊపింది. ఆయన కూడా చెయ్యి ఊపారు. తర్వాత మెల్లిగా లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

సాయంత్రం వాన కురిసింది. మామ్మ చేతులు మండిపోతుంటే అమ్మ కొబ్బరినూనె రాసింది. ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు.

నాన్న వచ్చేసరికి గడ్డి తడితడిగా మామూలుగా ఉంది. "బాగా చేశావే!" అని అమ్మని మెచ్చుకున్నారు. అమ్మ ఆ మెప్పుని అలాగే తీసుకుంది.

ఒక వారం ఏమీ లేదు. ఆ తర్వాత ఎండ కాసింది. ఒక పొద్దున నాన్న నోట్లో బ్రష్ పెట్టుకుని మేడ మీద గదిలో కర్టెన్ తీశారు. బ్రష్ అలాగే ఉండిపోయింది, నురగ కారి చొక్కా మీద పడింది.

కింద రోడ్డు దాకా, వాకిలంత వెడల్పున, ముదురాకుపచ్చ రంగులో మెలికల ముగ్గు. గీత గీతా పొంగి లేచింది. గుప్పెడేసి ఎరువు పడ్డచోటల్లా గడ్డి మాడిపోయి గుండ్రంగా గోధుమరంగు మచ్చలు, మెలికల మధ్యలో ఒక్కొక్కటి.

"ఏమిటిది?" అన్నారు నాన్న.

"గడ్డి," అంది అమ్మ.

"గడ్డిలో ఏమిటని!"

మామ్మ కిటికీ దగ్గరికొచ్చి కళ్ళజోడు సర్దుకుంది. మొహం వెలిగిపోయింది. "అమ్మాయ్, చుక్కలు కూడా పడ్డాయే!"

నాన్న ఆఫీసుకి లేటని కూడా చూడకుండా మోవర్ తీశారు. కోసేస్తే పోతుందనుకున్నారు. కోసిన కొద్దీ చుట్టూ పాలిపోయిన గడ్డి ఇంకా పాలిపోయి, ముగ్గు ఇంకా తేటగా కనిపించింది. అడ్డంగా కోశారు. ఐమూలగా కోశారు. అది నవ్వుతున్నట్టే ఉంది. మా స్కూల్ బస్సు మా ఇంటి ముందు ఆగాల్సిన దానికంటే ఎక్కువసేపు ఆగింది. పిల్లలందరూ ఒక వైపు కిటికీలకే అంటుకుపోయారు. నేను మాత్రం రాణిలా ఎక్కాను.

సాయంత్రం నాన్న సోఫాలో కూలబడి, "ఇల్లు అమ్మేసి సన్నీవేల్‌లో తమ్ముడి దగ్గరికి పోదాం. అక్కడ అపార్ట్‌మెంట్ చాలు," అన్నారు.

"పోదువుగాని. ముందు మాట నిలబెట్టుకో," అంది మామ్మ. "పచ్చగా చెయ్యమన్నావు. పచ్చగా ఉందా, లేదా?"

"అది పచ్చదనమా అమ్మా? మధ్యలో ఆ మచ్చలు! పక్కింటాయన ఏమనుకుంటున్నారో!"

"అయితే ఆయన్నే అడుగుదాం, పద. ఏమే పిల్లా, చెప్పులేసుకో. నువ్వు ఇంగ్లీషులో చెప్పాలి."

వచ్చినప్పట్నుంచి ఆ హద్దు దాటని మామ్మ గబగబా నడిచి వెళ్ళి ఆయన తలుపు తట్టింది. నాన్న వెనకాల "అమ్మా, అమ్మా" అంటూ పరుగు. అమ్మ అరుగు మీదే ఆగిపోయింది, కొంగు గుప్పిట్లో పట్టుకుని. ఆ గుప్పిట్లో గోంగూర విత్తనాల మూట ఉందని నాకొక్కదానికే తెలుసు.

పక్కింటాయన టోపీ పెట్టుకుని మా ముగ్గు మధ్యలోకి వచ్చారు. మోకాళ్ళ మీద కూర్చుని, మాడిన మచ్చలో వేలు పెట్టి, వాసన చూశారు.

"ఇక్కడ ఎంత వేశారు?"

నేను అడిగాను. మామ్మ గుప్పిట మూసి చూపించింది.

"చచ్చిపోయింది," అన్నారాయన, పోయినవాళ్ళ గురించి చెప్పే గొంతుతో. నాన్న తల దించుకున్నారు.

"అది సరే," అంది మామ్మ. "ఆ గీతలో గడ్డి పచ్చగా ఉందా, తమరి గడ్డి పచ్చగా ఉందా, అడుగు."

అడిగాను.  ఆయన లేచి, తన వైపు వెళ్ళి, నాలుగు పరకలు తెంపారు. తిరిగొచ్చి మా మెలికలోంచి నాలుగు తెంపారు. రెండూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని, ఎండలోకి తిప్పి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చూశారు. నాన్న పరీక్షా ఫలితాల ముందు కుర్రాడిలా నిలబడ్డారు. పక్కింటాయన దవడ అటూ ఇటూ కదిలింది. పన్ను పీకించుకుంటున్నంత కష్టంగా, మా మెలికలోంచి తెంపిన పరకల మీద వేలు పెట్టారు.

"ఇది," అన్నారు. "నా దానికంటే ఇదే పచ్చగా ఉంది."

నేను తెలుగులో చెప్పేలోపలే మామ్మ వెనక్కి తిరిగి, "అమ్మాయ్! గునపం తియ్యి!" అని కేకేసింది.

అప్పుడు నాన్న చెప్పుకోక తప్పలేదు. గొంతు సర్దుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టారు. మా అమ్మకీ మా ఆవిడకీ వెనకాల కూరగాయలు వేసుకోవాలనుంది, మీరిద్దరూ మీ చేతులతో పరిచిన గడ్డి అది, మీకు కష్టంగా ఉంటే చెప్పండి, మానేస్తాం అన్నారు. అరుగు మీద అమ్మ గుప్పిట బిగుసుకుంది.

ఆయన మా ఇంటి పక్కగా నడిచి వెనక దొడ్డి చూశారు. 

"మధ్యాహ్నం ఎండ ఎటు వైపు పడుతుంది?" అన్నారు.

నాన్న చూపించారు.

"అయితే అక్కడే వెయ్యండి. కానీ గునపంతో పొడవకండి. నేనొచ్చి కోస్తాను."

ఆదివారం ఆయన అర్ధచంద్రంలా ఉన్న పార ఒకటి తెచ్చారు. గడ్డిని వేళ్ళతో సహా పట్టీలుగా కోసి, చాప చుట్టినట్టు చుట్టారు. కొన్ని ముక్కలు తీసుకెళ్ళి ముందున్న మాడిన మచ్చల్లో అతికించి, పాదంతో మెత్తగా నొక్కి నీళ్ళు పట్టారు. మిగిలిన చుట్టలన్నీ తోపుడు బండిలో పేర్చుకుని, తల్లి లేని పిల్లల్ని ఇంటికి తీసుకెళ్తున్నట్టు జాగ్రత్తగా వాళ్ళింటికి తోసుకుపోయారు.

"పాపం, ఎంత మమకారమో మనిషికి," అంది మామ్మ. "ఆయనకి కాస్త మజ్జిగ ఇవ్వండే."

అమ్మ పచ్చిమిరపకాయ, అల్లం దంచి వేసిన మజ్జిగ ఇచ్చింది. ఆయన ఒక్క గుక్కలో సగం తాగారు. మొహం టమాటా అయింది. దగ్గుతూనే చాలా బాగుందన్నారు, మిగతా సగం మాత్రం మా నాన్నకి ఇచ్చేశారు.

ముందు గడ్డిలో ముగ్గు జూన్‌కల్లా మాయమైంది. మిగతా నేలకి పక్కింటాయనే తన బండితో ఎరువు తోసిపెట్టారు, అంతా ఒకటే పచ్చగా కలిసిపోయింది. మామ్మకి అది నచ్చలేదు. "మొహాన బొట్టు తుడిచేసినట్టుంది," అని రెండు రోజులు సణిగింది. వెనక దొడ్డిలో గోంగూర మా అమ్మ నడుం దాకా వచ్చింది. తోటకూర చెప్పక్కర్లేదు, ఒక వైపు కోస్తుంటే ఇంకో వైపు లేచేది. కుందేళ్ళు రాకుండా పక్కింటాయన చుట్టూ వల కట్టించారు. మామ్మ వల సంగతి సరేనంటూనే, తన పాత జాకెట్ ఒకటి కర్రకి తగిలించింది. ఏది పనిచేసిందో ఇద్దరూ ఒప్పుకోలేదు.

మొదటి గోంగూర పచ్చడి రోజు నాన్న కంచం ఖాళీ చేశారు. మళ్ళీ వేయించుకున్నారు. మళ్ళీ వేయించుకున్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి, కిటికీలోంచి ముందు గడ్డి వైపు చూస్తూ, "ఆ మెట్ల పక్కన కూడా కొంచెం తవ్వచ్చేమో," అన్నారు. అమ్మా మామ్మా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయారు.

మామ్మ దసరాకి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. విత్తనాలు మాత్రం అమ్మ ప్రతి ఏడూ కట్టి దాచింది.

నా హైస్కూల్ చివరి ఏడాదిలో ఆ ఇల్లు అమ్మేశాం. పక్కింటాయన అప్పటికే కూతురి దగ్గరికి ఫ్లోరిడా వెళ్ళిపోయారు. కొన్నవాళ్ళు వెనకాల కూరల మడి వద్దు, పిల్లలు ఆడుకోవడానికి గడ్డే కావాలన్నారు. ఎండలు తగ్గాక నాన్నే ఆ మడిని చదును చేసి, పక్కింటాయన నేర్పినట్టే ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా గడ్డి విత్తనం చల్లారు. అమ్మ బయటికి రాలేదు. నేను చూడమన్నా కిటికీ దగ్గరికి కూడా రాలేదు. మామ్మ పోయిందని ఇండియా నుంచి ఫోన్ వచ్చింది కూడా ఆ చలికాలంలోనే.

ఆ మరుసటి వేసవిలో ఒకరోజు ఇల్లు కొన్నాయన ఫోన్ చేశారు. వెనకాల గడ్డిలో ఎర్ర కాడలతో ఏదో కలుపు లేస్తోందట, ఎంత పీకినా మళ్ళీ వస్తోందట, ఏం మందు కొడితే పోతుందో చెప్పమన్నారు. నాన్న నా వైపు చూశారు. అమ్మ గిన్నెలు తోముతున్న చేతులతోనే పరిగెత్తుకొచ్చి ఫోన్‌కి చెవి ఆనించింది.

"ఎర్ర కాడలా? ఆకు మెత్తగా ఉంటుందా?" అని నాన్న చాలా గంభీరంగా అడిగారు. అవుననేసరికి, డాక్టరు చెప్పినట్టు చెప్పారు. "దానికి మందు లేదండీ. కోసుకుంటూ ఉండండి. అంతే."

ఫోన్ పెట్టేసి అక్కడే నిలబడ్డారు.

"మన తోటకూర ఇంకా వస్తోందట," అన్నారు.

"రాకేం చేస్తుంది. చల్లింది అత్తయ్యగారు కాదూ?" అంది అమ్మ.

"పప్పులో వేసుకుంటే బాగుంటుందని చెప్పాల్సింది."

"చెప్పకండి," అంది అమ్మ, తడి చేత్తోనే నాన్న భుజం నొక్కుతూ. "తినడం మొదలుపెడితే ఒక్క మొక్క మిగల్చరు."